దిడ్డి తలుపు

గోల్కొండ ఫిరంగులకు లొంగలేదు. మందుపాతరలకు లొంగలేదు. దాదాపు ఎనిమిది నెలల ముట్టడికీ లొంగలేదు. 1687 సెప్టెంబర్ 21న, మూడో జాము ముగిసి నాలుగో జాము మొదలవుతున్న వేళ, కోట గోడలోని ఒక చిన్న దిడ్డి తలుపుకు లోపలివైపు నుంచి గడియ తీశారు. అంతే. తెలుగులో తలుపుకు వేసేదీ గడియే, కాలాన్ని కొలిచేదీ గడియే. ఆ రాత్రి ఆ రెండూ ఒక్కసారే జారిపోయాయి. నూట అరవై తొమ్మిదేళ్ల కుతుబ్‌షాహీల ఏలుబడి, గడియ తీసిన చప్పుడంత చిన్న చప్పుడుతో ముగిసిపోయింది.

ఇప్పుడు కోటకు వెళితే బాలాహిసార్ దర్వాజా కప్పు కింద నిలబెట్టి గైడు చప్పట్లు కొట్టిస్తాడు. పిల్లలు సరదాగా కొడతారు. నాలుగు వందల అడుగుల కొండ నెత్తిన బారాదరిలో ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వినిపిస్తుంది. కింద గుమ్మంలో పగవాడు కాలు పెడితే పైనున్న ఏలికకు తెలియాలని చేసిన ఏర్పాటు అది అని చెబుతారు. అందరూ ఆశ్చర్యపోతారు, ఇంకోసారి కొట్టి చూస్తారు. నాకు మాత్రం ఆ చప్పట్లు విన్నప్పుడల్లా గుండె చిన్నబోతుంది. అరచేతుల చప్పుడును కొండ మీదికి మోసుకుపోగలిగిన కోట, ఆ ఒక్క రాత్రి ఒక గడియ చప్పుడును మోయలేకపోయింది.

పుస్తకాల్లో కనిపించే సెప్టెంబర్ 21 అన్న తేదీ, నాటి ఇంగ్లీషువాళ్ల పాత క్యాలెండరుది. హిజ్రీ లెక్కలో అది 1098 జిల్ఖాద నెల 24. చంద్రుడు తరిగి తరిగి వంకగా మిగిలిన రాత్రులు. మన పంచాంగంతో పోల్చి చూసుకుంటే మహాలయ పక్షం. వెళ్లిపోయినవాళ్లను పేరు పేరునా తలచుకుని నువ్వులూ నీళ్లూ వదిలే రోజులు. ఈ కథ చెప్పుకోవడానికి అంతకన్నా తగిన పక్షం ఉండదు.

ఆ రాత్రి గోల్కొండను ఏలుతున్న అబుల్ హసన్ కుతుబ్‌షా అంటే తెలుగువాళ్లలో ఎంతమంది గుర్తుపడతారో గానీ, తానీషా అంటే ఎరగని ఇల్లు లేదు. ఆయన యౌవనం సింహాసనానికి చాలా దూరంగా, షా రాజు అనే సూఫీ గురువు ఆశ్రమంలో, ఆయన పాదాల దగ్గర గడిచింది. అక్కడి నుంచి ఆయన్ను కోటలోకి తెచ్చింది ఒక పెళ్లి. అబ్దుల్లా కుతుబ్‌షాకు కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్లు. మూడో అమ్మాయి పెళ్లికి అంతా సిద్ధమయ్యాక, పెద్దల్లుడి పంతం వల్ల పెళ్లికొడుకును మార్చాల్సి వచ్చింది. అప్పటికప్పుడు షా రాజు ఆశ్రమానికి వెళ్లి ఈ యువకుణ్ణి తీసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టారు. 1672లో మామగారు కన్నుమూస్తే సర్దార్లు ఈ అల్లుడికే కిరీటం పెట్టారు. ఆయన రాజ్యం కోసం కత్తి దూసినవాడు కాదు. వచ్చినదాన్ని తీసుకున్నాడు. పోయేటప్పుడు కూడా అలాగే పోనిచ్చాడు. ఆయన గొప్పతనమూ ఆయన దౌర్భాగ్యమూ రెండూ ఇక్కడే ఉన్నాయనిపిస్తుంది.

ఆయన చేతికొచ్చింది మామూలు రాజ్యం కాదు. కొల్లూరు గనుల్లో వజ్రాలు, మచిలీపట్నం రేవులో ఓడలు, ఆ ఓడల్లో కలంకారీ అద్దకాలు. ఆ సిరి సంగతి లోకానికంతా తెలుసు. నన్ను పట్టి ఉంచేది మరొకటి. ఆ కొలువులో తెలుగు పరాయిది కాదు. కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో పారశీకంతో పాటు తెలుగూ ఉండేది, ఊళ్లో కరణం చదువుకునేందుకు. తానీషాకు ముత్తాతల కాలంలోనే ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఇబ్రహీంను ఇభరాముడిగా మార్చుకోగలిగిన చనువు అది. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నిగంటి తెలగన సంస్కృతం సోకకుండా అచ్చ తెలుగులో యయాతి చరిత్ర రాసి, ఆ కొలువులోని అమీన్ ఖానుకు అంకితం చేశాడు. తానీషా కాలానికి ఆ చనువు ఇంకా ముదిరింది. కృష్ణా తీరంలో ఆయన దారిన పోతూ భాగవతుల ఆట చూసి మురిసి, కూచిపూడి గ్రామాన్ని ఆ కళాకారుల కుటుంబాలకే రాసిచ్చాడని ఆ ఊరివాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు.

ఇక మాదన్న. హనుమకొండ ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, గుమాస్తాగా మొదలై, పద్దుల లెక్కలతోనే మెట్టు మెట్టు ఎక్కి, ఆ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. అన్న అక్కన్న పక్కనే నిలిచాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయనతో పొత్తు కుదిర్చినవాడు మాదన్నే. ఉత్తరం నుంచి మొగలు మబ్బు కమ్ముకొస్తోందని ఆయనకు తెలుసు. దక్కనులో ఉన్నవాళ్లంతా, గోల్కొండ, బీజాపూరు, మరాఠాలు, ఒక్కతాటి మీద నిలిస్తే తప్ప ఎవరూ మిగలరని ఆయన నమ్మాడు. ఆ నమ్మకమే ఆయన ప్రాణం తీసింది.

ఆ అన్నదమ్ముల మేనల్లుడే కంచర్ల గోపన్న. పాల్వంచ తహసీల్దారుగా ఉండి, సర్కారుకు చేరాల్సిన పన్నుల సొమ్ముతో భద్రాద్రిలో రాముడికి గుడి కట్టించాడు. ఆ నేరానికి గోల్కొండ కోటలో ఖైదు పడ్డాడు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు బాకీ సొమ్ము కట్టి ఆయన్ను విడిపించారని కథ. ఆ చెరసాల చీకటి ఈనాటికీ అలాగే ఉంది. గోడ మీద చెక్కిన బొమ్మల ముందు ఎవరో ఒకరు దీపం పెడుతూనే ఉంటారు. ఈ పన్నెండేళ్ల లెక్కను గుర్తు పెట్టుకోండి. ఈ కథ చివర మళ్లీ వస్తుంది.

ఒక్క తలుపు తెరుచుకుంటే కోట పడిపోయిందని అనుకుంటాం. ఆ తలుపు తెరుచుకోవడం రెండేళ్ల ముందే మొదలైంది.

1685లో మొగలు పాదుషా ఔరంగజేబు సేన బీజాపూరును చుట్టుముట్టి ఉంది. గోల్కొండ వైపుకు కొడుకు షా ఆలంను పంపాడు. మల్ఖేడ్ దగ్గర గోల్కొండ సేన ఆ దండును నెలల తరబడి నిలిపివేసింది. అడుగు ముందుకు పడనివ్వలేదు. అక్కడ అలాగే నిలబడి ఉంటే ఏమయ్యేదో! బీజాపూరుకు ఊపిరి అందేదేమో, వర్షాలకూ కరువుకూ విసిగిన మొగలు సేన వెనక్కి తిరిగేదేమో. కానీ గోల్కొండ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలుల వైపు కలిసిపోయాడు. ముందు వరుసలో నిలవాల్సినవాడే అవతలి గుడారంలో తేలాడు. హైదరాబాదుకు దారి తెరుచుకుపోయింది.

ఆ కబురు చేరిన రాత్రి తానీషా చేసిన పని నన్ను ఈనాటికీ బాధిస్తుంది. ఊరిని కాపాడే ఏర్పాటేదీ చేయకుండా, పెద్దలతో సరిగ్గా ఆలోచించకుండా, నగరం వదిలి గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. ఏలిక లేచిపోయాడని తెలిసిన నగరం గడబిడలో మునిగిపోయింది. జనం చేతికందింది మూటగట్టుకుని, పిల్లల్ని చంకన వేసుకుని కోట దారి పట్టారు. ముందు ఊరి దొంగలు, వెనకాల మొగలు సైనికులు. చార్మినారు చుట్టూ తొంభై ఏళ్లకు పైగా పోగైన సిరిని, పరదాలనూ పాత్రలనూ తివాచీలనూ రోజుల తరబడి దోచారు. మోయలేని తివాచీలను కత్తులతో కోసి పంచుకున్నారని రాశారు. ఆయన ఆ రాత్రి గుర్రమెక్కి నగర వీధుల్లో ఒక్కసారి తిరిగి ఉంటే చాలని నాకు అనిపిస్తుంది. గెలవకపోయినా చాలు. జనం తమ రాజును చూసి ఉండేవాళ్లు.

సంధి మాట వచ్చింది. కోటి రూపాయలకు పైగా పాత బాకీ, ఏటేటా కప్పం, మల్ఖేడ్, సేడం సీమలు. అన్నీ ఇవ్వగలిగినవే. వాటి పక్కనే ఇంకో షరతు ఉంది. అక్కన్న మాదన్నలను కొలువు నుంచి తీసేయాలి. తానీషా దానికి ఒప్పుకోలేక నాన్చాడు. నెలలు గడిచాయి. ఆ నాన్చుడులో ప్రేమ ఉంది, కృతజ్ఞత ఉంది. కానీ గట్టిగా నిలబడి కాపాడుకోవడమూ లేదు, క్షేమంగా ఎక్కడికైనా పంపించెయ్యడమూ లేదు. ఇవతలి ఒడ్డుకూ అవతలి ఒడ్డుకూ మధ్య ఆయన ఆగిపోయాడు. ఆ ఆగిన చోటే నెత్తురు పారింది.

కొలువులోని పాత సర్దార్లకు ఈ బ్రాహ్మణ సోదరుల మీద పగ ఎప్పటి నుంచో ఉంది. ఊరి దోపిడీకి, యుద్ధానికి అన్నిటికీ వాళ్లే కారణమన్న గుసగుస అంతఃపురంలోకి కూడా పాకింది. చనిపోయిన అబ్దుల్లా కుతుబ్‌షా భార్యలు దానికి తోడయ్యారు. 1686 మార్చిలో ఒక రాత్రి, రాజు దగ్గర కొలువు ముగించుకుని ఇంటికి పోతున్న మాదన్నను గోల్కొండ వీధిలోనే పట్టుకుని నరికారు. అక్కన్నను కూడా వదల్లేదు. వాళ్ల ఇళ్ల మీద పడ్డారు, బంధువులను చంపారు. తలలు నరికి మొగలు శిబిరానికి కానుకగా పంపారు. ఏ పద్దులోనూ పైసా తేడా రానివ్వని చేయి, ఆ రాత్రి వీధి దుమ్ములో పడి ఉంది.

గోల్కొండ అసలు పడిపోయింది ఆ రాత్రేనని నా నమ్మకం. సెప్టెంబర్ 21 దాని వెనక నడిచొచ్చిన తేదీ మాత్రమే. ఉత్తరం నుంచి వచ్చేది ఏమిటో ముందే చూసిన కన్నును ఆ కోట తన చేతులతోనే పొడుచుకుంది. శాలిబండ హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరున మహంకాళి గుడి ఇప్పటికీ ఉంది. బోనాల వేళ అక్కడి నుంచి ఏనుగు మీద ఘటం కదులుతుంది. డప్పులు మోగుతాయి, పోతరాజులు ఊగుతారు. ఆ సందడిలో ఆ రెండు పేర్లు పలికేవాళ్లలో ఎందరికి ఆ వీధి గుర్తుందో.

ఆ తలలు కొనిచ్చిన శాంతి ఎన్నాళ్లు? షా ఆలం వెనక్కి మళ్లాడు. 1686 సెప్టెంబర్‌లో బీజాపూరు పడిపోయింది. యువ సుల్తాను సికందర్ బందీ అయ్యాడు. ఔరంగజేబు గుల్బర్గాలో గేసూదరాజ్ దర్గాను దర్శించుకుని, అటు నుంచి గోల్కొండ దారి పట్టాడు. తానీషా కానుకలు పంపాడు, వినయంగా ఉత్తరాలు రాశాడు. ఏదీ ఆపలేదు. బ్రాహ్మణుణ్ణి మంత్రిని చేశావన్నది అప్పటికీ ఆయన మీద నేరంగానే నిలిచి ఉంది. మాదన్న చచ్చిపోయి ఏడాది కావస్తున్నా.

1687 జనవరి చివరికి మొగలు గుడారాలు కోట ఎదుట వెలిశాయి. మొదటి రోజుల్లోనే కిలీచ్ ఖాన్ అనే వృద్ధ సర్దారు భుజాన్ని గుండు ఎగరగొట్టింది. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆయన రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడంటారు. మూడు రోజులకు పోయాడు. ఆయన మనవడే తర్వాత తొలి నిజాం అయ్యి, తాత ప్రాణం పోయిన ఈ నేలనే ఏలాడు. పడగొట్టడానికి వచ్చినవాళ్లు కూడా ఇక్కడే మట్టిలో కలిశారు. వాళ్లనూ ఈ పక్షంలో తలచుకోవాల్సిందే.

ఆపగలిగినవాళ్లు అటువైపూ ఉన్నారు. పాదుషా కొడుకుల్లో అప్పటికి పెద్దవాడైన షా ఆలమే లోలోపల సంధి కోరుకున్నాడు. కోటలోని తానీషాతో రహస్యంగా ఉత్తరాలు నడిపాడు. అవి పట్టుబడ్డాయి. తండ్రి ఆ కొడుకును పిల్లలతో సహా బంధించాడు. ఆ ఖైదు ఏడేళ్లకు పైగా సాగింది. సాటి ముసల్మానుల నెత్తురు పారించవద్దని కొలువులోని ఖాజీ చెప్పి చూశాడు. ఆయన మాటకు ఆ కొలువులో చోటు లేకపోయింది.

కోట మాత్రం నిలబడింది. మైళ్ల పొడవున సాగే ప్రాకారం, 87 బురుజులు, గుట్టనూ రాతినీ కలిపి కట్టిన గోడలు. మే నెలలో ఒక రాత్రి మొగలులు నిచ్చెనలూ తాళ్లూ వేసి గోడ ఎక్కారు. ఇద్దరు పైకి చేరుకున్నారు. అది చూసిన ఒకడు ఆగలేక పరుగున పోయి, నమాజులో ఉన్న పాదుషాకు కోట చిక్కిందని శుభవార్త చెప్పాడు. శిబిరంలో విజయ వాద్యాలు మోగాయి. ఇక్కడ గోడ మీద జరిగింది వేరు. ఒక ఊరకుక్క, ఎవరూ పెంచనిది, ఎవరూ పేరు పెట్టనిది, చీకట్లో కొత్త మనుషుల వాసన పసిగట్టి మొరిగింది. కావలివాళ్లు లేచారు. నిచ్చెనలు కూలాయి, ఎక్కినవాళ్లు కూలారు. తెల్లారాక తానీషా ఆ కుక్క మెడలో బంగారు పట్టెడ వేయించి, ఎప్పుడూ తన దగ్గరే ఉండేలా చేశాడట. నవ్వుకునే కథ కాదు ఇది. జీతం తీసుకునే సర్దార్లు ఒక్కొక్కరే జారిపోతున్న కోటలో, జీతం అడగని ప్రాణి ఒకటి తన పని చేసింది. ఆ రాజు దాన్ని గుర్తించాడు.

జూన్‌లో మందుపాతరలు. నెలల తరబడి భూమి కింద సొరంగాలు తవ్వి బురుజుల కింద మందు నింపారు. కోటలోవాళ్లు ఆ జాడ కనిపెట్టి, లోపలి నుంచి తవ్వుకుంటూ వెళ్లి, తమ వైపున్న మందును తీసేసి నీళ్లు పోశారు. నిప్పంటించగానే రాళ్లు వెనక్కి తిరిగి ముట్టడి సేన మీదే కురిశాయి. వెయ్యిమందికి పైగా పోయారంటారు. అదే పూట గాలివాన. కందకాలు నిండాయి, గుడారాలు చిరిగాయి, ఫిరంగులు బురదలో కూరుకున్నాయి.

ఆ రోజుల్లోనే వచ్చింది ఆఖరి అవకాశం. దీన్ని తలచుకుంటే నాకు ఊపిరి ఆగినట్టుంటుంది. కోట నుంచి దూకిన దండు మొగలు సర్దార్లలో కొందరిని పట్టుకుంది. తానీషా వాళ్లను అవమానించలేదు. అతిథుల్లా చూశాడు. కోటలోని ధాన్యపు కొట్లు చూపించాడు. తర్వాత వాళ్లతోనే కబురంపాడు. కప్పం కడతాను, కోటి రూపాయలు ఇస్తాను, మీ సేన ఆకలితో ఉంది కాబట్టి తినడానికి ధాన్యం కూడా పంపుతాను, వెళ్లిపొండి అని. ముట్టడిలో ఉన్నవాడు ముట్టడించినవాడికి అన్నం పెడతానన్నాడు. ఆ ఏడు వానలు తగ్గలేదు. వాగులూ నదులూ పొంగి గింజ కదలడం లేదు. హైదరాబాదులో ఇళ్లు శవాలతో నిండాయి. మూసీ గట్టున ఎత్తేవాళ్లు లేక పీనుగులు గుట్టలు పడ్డాయి. ఆ గింజలు బయటికి వచ్చి ఉంటే ఎన్ని వేలమంది బతికేవాళ్లో. పాదుషా కాదన్నాడు. చేతులు కట్టుకుని వచ్చి నిలబడమన్నాడు. గొలుసు ఇంకో చుట్టు బిగించాడు.

తుపాకి మందు చేయలేని పని ధనం చేసింది. వేసవి నుంచే సర్దార్లు ఒక్కొక్కరే రాత్రివేళ గోడ దిగి మొగలు బిరుదులు పుచ్చుకున్నారు. చివరికి పేరున్నవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకడు అబ్దుర్ రజాక్ లారీ. ఆరువేల మన్సబు ఇస్తామంటూ పాదుషా పంపిన ఫర్మానాను ఆయన బురుజు మీద నిలబడి, తనవాళ్లంతా చూస్తుండగా చింపి ముక్కలు చేశాడు. కర్బలాలో డెబ్బై ఇద్దరు నిలిచినట్టు నిలుస్తానని చెప్పి పంపాడు. రెండోవాడు అబ్దుల్లా ఖాన్ పన్ని. ముందు బీజాపూరు ఉప్పు తిన్నాడు, ఆ తర్వాత మొగలుల ఉప్పు, ఆ మీదట గోల్కొండ ఉప్పు. దిడ్డి తలుపు తాళం రెండోవాడి చేతిలో ఉంది.

ఇక ఆ రాత్రి.

వాన వెలిసిన రాతి వాసన ఎలా ఉంటుందో గోల్కొండ గోడ పక్కన నడిచినవాళ్లకు తెలుసు. తడిసిన నల్లరాయి, పాచి, దూరాన పొగ. ఆ గోడ వెంబడి మొగలు సర్దారు రూహుల్లా ఖాన్ కొద్దిమందితో నడుచుకుంటూ వచ్చాడు. దిడ్డి తీసి ఉంది. వంగి లోపలికి దూరారు. తర్వాత లోపలి నుంచి పెద్ద దర్వాజా తెరిచారు. బయట కాచుకుని ఉన్న ఆజం రాకుమారుడి దండు వరదలా వచ్చిపడింది. ఎనిమిది నెలలు గుండ్లు మింగిన తలుపులు చెక్కుచెదరకుండా వాటంతటవే పక్కకు తొలగినట్టు తొలగాయి. మెడలో బంగారు పట్టెడ ఉన్న ఆ కుక్క ఆ రాత్రి ఎక్కడ నిద్రపోతోందో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. బహుశా రాజు దగ్గరే. గోడకు చాలా దూరంగా.

లారీకి అరుపులు వినిపించాయి. జీను వేసే తీరిక లేదు. ఉత్త గుర్రం మీదికి ఎక్కి, వెంట పది పన్నెండు మందితో ఆ వరదకు ఎదురెళ్లాడు. వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పడిపోయారు. ఆయన ఒక్కడే, ముఖం మీద చర్మం వేలాడుతూ కళ్లకు అడ్డం పడుతుంటే, నరుకుతూనే పోయాడు. ఎటు పోతున్నాడో ఆయనకు తెలియని దశలో గుర్రమే ఆయన్ను మోసుకుపోయి ఒక కొబ్బరిచెట్టు కింద దించింది. మర్నాడు అక్కడ ఎవరో చూసి గుర్తుపట్టారు. ఒంటి మీద డెబ్బై దాకా గాయాలు లెక్కపెట్టారు. పాదుషాయే వైద్యులను పంపి బతికించాడు. తన సర్దార్లకెవరికీ అంతటి విశ్వాసం లేదని ఆయనకు తెలియకుండా ఉంటుందా! లారీ బతికాడు. మొదట కొలువు వద్దన్నాడు, చివరికి అదే పాదుషా కొలువులో చేరాడు. ఇందుకు ఆయన్ను నేను తప్పు పట్టలేను. ఆ కొబ్బరిచెట్టు కింద పడిపోయినవాడు ఇవ్వాల్సినదంతా అప్పటికే ఇచ్చేశాడు.

పైన అంతఃపురంలో ఏడుపులు. తానీషా ఆడవాళ్లను ఓదార్చాడు. ఒక్కొక్కరినీ క్షమాపణ అడిగాడు. మంచి బట్టలు కట్టుకుని, కొలువు గదిలో తన చోట కూర్చుని, వచ్చేవాళ్ల కోసం ఎదురుచూశాడు. రూహుల్లా ఖాన్ వచ్చాడు. తానీషాయే ముందుగా సలాం చెప్పి కూర్చోబెట్టాడు. తెల్లవారింది. భోజనం వేళకు వడ్డించమన్నాడు. వచ్చినవాళ్లను కూడా తినమన్నాడు. ఇంత ముప్పులో ముద్ద ఎలా దిగుతోందని వాళ్లలో ఎవరో అడిగారట. బైరాగుల మధ్య కొన్నాళ్లు దరిద్రంలో గడిపాను, దేవుడు రాజ్యం ఇస్తే ఏలాను, ఇప్పుడు తీసుకుంటున్నాడు, ఏ స్థితిలోనూ ఆయన మీద నాకు నమ్మకం తప్పలేదు అన్న ధోరణిలో జవాబిచ్చాడని నాటి చరిత్రకారుడు రాశాడు. ఆ పూట ఆ గదిలో వడ్డన పళ్లేలు మోగిన చప్పుడు నాకు వినిపిస్తుంది. షా రాజు ఆశ్రమంలో నేర్చుకున్నది ఆ ఒక్క ఉదయం కోసమే దాచుకున్నట్టున్నాడు. పదిహేనేళ్లు రాజుగా ఆయన తడబడిన చోట్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఉదయం మాత్రం ఎక్కడా తడబడలేదు. రాకుమారుడి ముందుకు వెళ్లినప్పుడు తన మెడలోని ముత్యాల హారం తీసి కానుకగా ఇచ్చాడు.

ముత్యాలు ఇవ్వడం ఆయన చేతికి అలవాటే. భద్రాద్రి సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా మొదలుపెట్టిందేనని మనవాళ్ల నమ్మకం. సర్కార్లు ఎన్ని మారినా ఏటా నవమికి ఆ ముత్యాలు ప్రభుత్వం తరఫున భద్రాచలం చేరుతూనే ఉన్నాయి.

ఆయన్ను దౌలతాబాదు కోటకు పంపారు. ఏడాదికి యాభై వేల రూపాయల బత్తెం. ఉంచిన భవనం పేరు చీనీమహల్. గోడలకు అతికిన నీలపు పింగాణీ పెంకుల జాడలు ఇప్పటికీ అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ఆ నీలాన్ని చూస్తూ ఆయన గడిపింది సుమారు పన్నెండేళ్లు. గోపన్న పన్నెండేళ్లకు సరితూగిందని, ఇది ఫలితమని అనేవాళ్లున్నారు. ఆ లెక్క నాకు నచ్చదు. తన రాముణ్ణి తలచుకుంటూ గోల్కొండ చీకటిలో కూర్చున్నవాడికీ, తన గురువును తలచుకుంటూ దౌలతాబాదులో కూర్చున్నవాడికీ ఒకే వయసు బాధ. ఒకరి బాధతో ఇంకొకరి బాధను తూచలేం.

1699 ప్రాంతంలో ఆయన అక్కడే పోయాడు. ఇబ్రహీంబాగ్‌లో ఆయన పూర్వీకుల గుమ్మటాలు, సుల్తాన్ కులీ నుంచి అబ్దుల్లా వరకు, బారులు తీరి నిలిచి ఉన్నాయి. ఆయన వాటి మధ్యకు రాలేదు. దౌలతాబాదు పక్కనే ఉన్న ఖుల్దాబాదులో, ఆడంబరం లేని సమాధిలో పడుకున్నాడు. ఎనిమిదేళ్లకు ఔరంగజేబూ పోయాడు. ఆయన దేహాన్నీ అదే ఖుల్దాబాదుకు తెచ్చారు. పై కప్పు లేని మట్టి సమాధి కట్టారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఆ చిన్న ఊళ్లోనే ఉన్నారు.

పోయిన మహాలయ పక్షంలో ఒక సాయంత్రం నేను గోల్కొండ బయటి గోడ వెంట నడిచాను. వాన వెలిసింది. రాళ్ల మధ్య రావి మొలకలు తడిసి మెరుస్తున్నాయి. లోపల ఎక్కడో ఎవరో చప్పట్లు కొట్టారు. మలుపు దగ్గర గోడ నీడలో ఒక ఊరకుక్క ముడుచుకుని పడుకుని ఉంది. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తి, చెవులు రిక్కించి, ఒక్కసారి మొరిగింది.